పదకొండో తలుపు

మా కాలనీలో ఏడో నంబరు ఇంటి పక్కన రెండువందల పన్నెండో నంబరు ఇల్లు ఉంది. దానికి ఎదురుగా వెయ్యిన్ని నలభై ఆరు. ఇది తమాషాకు చెబుతున్న మాట కాదు. ఏ ఇల్లు ముందు కట్టి పన్నుల పుస్తకంలోకి ఎక్కితే దానికి ముందు నంబరు ఇవ్వాలని తొలిరోజుల్లో ఎవరో గుమాస్తా నిర్ణయించాడు. అప్పటికి ఉన్నవి నలభై ఇళ్ళు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కనిపించలేదు. మా ఇంటిది అరవై మూడో నంబరు. ఈనాటికి నంబర్లు నాలుగు వేలు దాటాయి. ఈ పద్ధతి మార్చమని నేను పంతొమ్మిది అర్జీలు పెట్టాను. పంతొమ్మిదింటికీ రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబులు రెండింటికే వచ్చాయి. ఆ రెండింటిలోనూ ఉన్నది ఒకే వాక్యం: పరిశీలనలో ఉన్నది.

ఆ పరిశీలన పూర్తయ్యేదాకా ఈ నాలుగు వేల ఇళ్ళూ ఎక్కడెక్కడున్నాయో తెలిసిన మనిషి మా కాలనీలో ఒక్కతే. ఉత్తరాలు పంచే ఆవిడ. అందరూ పోస్టమ్మ అంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు, సామాన్ల లారీ డ్రైవర్లు, పెళ్ళికూతుర్ని చూడటానికి వచ్చి దారితప్పిన పెద్దమనుషులు, అందరూ ఆమె సైకిలు కనిపిస్తే ప్రాణం లేచివచ్చినట్టు పరుగెత్తేవారు.

"అమ్మా, పదకొండువందల నలభై ఎక్కడ? పదకొండువందల ముప్పై తొమ్మిది దొరికింది, పక్కన చూస్తే లేదు."

"పక్కన ఎందుకుంటుంది బాబూ, అవి అన్నదమ్ములు కాదుగా. నీళ్ళ ట్యాంకు దాటి ఎడమకి తిరుగు. పసుపు గేటు. కుక్క అరుస్తుంది గానీ కరవదు."

ఆమె జీవితాన్ని నేను ఇక్కడ రాసిపెట్టడానికి కారణం ఉంది. ఆమె గురించి ఏ ఆఫీసులోనూ ఒక్క ముక్క నమోదై లేదు. అదే ఆమె కొంప ముంచింది.

ఇరవయ్యో ఏట పెళ్ళి చేసుకుని ఆమె ఇక్కడికి వచ్చేనాటికి ఇది కాలనీ కాదు, రాళ్ళ క్వారీ. యజమాని పనివాళ్ళ కోసం పదకొండు రేకుల గదులు కట్టించాడు. ఒకదాని గోడ ఇంకొకదానికి గోడ. రేకుల వరుస అనేవారు. వరుసలో చిట్టచివరి గది వీళ్ళది. భర్త రాయి కొట్టేవాడు, ఆమె కంకర మోసేది. ఆమె తండ్రి బడిలో బంట్రోతు కావడం వల్ల ఆమెకు నాలుగక్షరాలు వంటబట్టాయి. ఎంత వంకర రాతనైనా ఇట్టే చదివేది. కొండ తరిగి తరిగి గుంట అయ్యాక క్వారీ మూతపడింది. గుంట చుట్టూ ప్లాట్లు వెలిశాయి. క్వారీలో రాళ్ళు తూచే గదిలో చిన్న పోస్టాఫీసు పెట్టారు. వంకర రాత చదవగల మనిషి కావాలన్నారు. తలమీది తట్ట దించి ఆమె భుజానికి సంచి తగిలించుకుంది. జీతం పర్మనెంటు కాదు, చాకిరీ మాత్రం పర్మనెంటు.

భర్తకు క్వారీ మిగిల్చింది ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. ఆరేళ్ళుగా అతను మంచం దిగి వాకిలి దాకా వెళ్ళడమే ప్రయాణం. పొద్దున్నే ఆమె ఆనాటి ఉత్తరాలు తెచ్చి అతని మంచం మీదే వరుస కూర్చేది. నంబర్ల వరుస కాదు, మలుపుల వరుస. అదొక ఆటగా సాగేది. ఆమె నంబరు చదివితే అతను ఇల్లు చెప్పాలి.

"ఎనిమిదివందల ఐదు."

"టైలరు మేడ. మెట్ల కింద ఉత్తరం పెడితే ఎలకలు కొరుకుతాయి. చేతికే ఇవ్వాలి."

"నాలుగువేల తొమ్మిది."

"అది కొత్తది. నువ్వింకా చెప్పలేదు. చెప్పకుండా అడిగితే దొంగాట."

వాటిలో చాలావాటిని అతను కంటితో చూడలేదు. అయినా ఆ నాలుగు వేల ఇళ్ళలో సగానికి పైగా అతని నాలుక మీద ఉండేవి.

రేకుల వరుసకు మొదట్లో నంబర్లు లేవు. ఆ పదకొండు కుటుంబాల ఉత్తరాలూ 'క్వారీ షెడ్లు' అన్న ఒకే చిరునామాకు వచ్చి కలగాపులగం అయ్యేవి. ఒకరి కొడుకు రాసిన ఉత్తరం ఇంకొకరు విప్పి చదివి, వీధిన పడి తిట్టుకున్న రోజులున్నాయి. పందొమ్మిదేళ్ళ కిందట, రోడ్డు గుర్తులు రాసేవాళ్ళు పారేసిన డబ్బాలో అడుగున మిగిలిన తెల్లరంగుతో పోస్టమ్మ ఆ వరుస తలుపుల మీద స్వయంగా అంకెలు వేసింది. ఒకటి, రెండు, మూడు... పది. చుట్టాలందరికీ ఈ నంబర్లు రాయమని వాళ్ళకు చెప్పింది. ఆ వారం నుంచి తగువులు ఆగిపోయాయి.

పదకొండో తలుపు మీద వేయలేదు. అది ఆమె తలుపు. ఆమెకు వచ్చే ఉత్తరాలు ఏవైనా పోస్టాఫీసు బల్ల మీదే ఆమె చేతికి దొరుకుతాయి. పుట్టింటివాళ్ళు కూడా 'పోస్టాఫీసు' అనే రాసేవారు. గుర్తింపు కార్డులోనూ పోస్టాఫీసు చిరునామానే. వరుస మొత్తానికి కరెంటు మీటరు ఒక్కటే, అదీ ఒకటో నంబరువాళ్ళ పేరిట. ఇక తన తలుపుకు అంకె ఎందుకు?

కిందటి ఏడాది జూన్ రెండో వారంలో రేకుల వరుసకు పది రిజిస్టర్డ్ ఉత్తరాలు వచ్చాయి. నగరం చుట్టూ వేస్తున్న పెద్దరోడ్డు ఈ వరుస మీదుగా పోతుందనీ, మూడు నెలల్లో ఖాళీ చేయాలనీ, ఒక్కొక్క కుటుంబానికి కాలనీకి ఉత్తర దిక్కు కొసన నేలమీదనే రెండు గదుల ఇల్లు ఇస్తామనీ వాటి సారాంశం. పంచింది పోస్టమ్మే. పది తలుపులూ తట్టి, పది సంతకాలూ తీసుకుంది. ఆ ఉత్తరాలను చదివి చెప్పింది కూడా ఆమే.

నాలుగో నంబరు ఇంటావిడను వరుసలో అందరూ అత్త అంటారు. ఆవిడే అడిగింది.

"మరి నీదేదమ్మా?"

"రేపటి సంచిలో వస్తుందిలే అత్తా."

రేపటి సంచిలో రాలేదు. ఎల్లుండి సంచిలోనూ రాలేదు. నాలుగో రోజు భర్త అడిగాడు.

"ఊళ్ళో ఉత్తరాలన్నీ దారి తెలుసుకుని పోతాయి. మనదొక్కటే తప్పిపోయిందా?"

"తప్పిపోతే నా బల్ల మీదికే రావాలిగా," అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడే తనకు భయం మొదలైందని తరువాత నాతో చెప్పింది.

అయిదో రోజు మా గేటు దగ్గర సైకిలు ఆపి, ఉత్తరం ఇవ్వకుండా నిలబడింది. నా ఉద్యోగమంతా సర్కారు ఆఫీసు రికార్డు గదిలో గడిచిందని ఆమెకు తెలుసు. పిల్లలు నన్ను ఫైళ్ళ తాత అనడం కూడా తెలుసు.

"బాబాయిగారూ, ఆఫీసుకి ఒకసారి నాతో వస్తారా? మీకైతే వాళ్ళ భాష వచ్చు."

వెళ్ళాం. పునరావాస విభాగంలో ఆ వరుస ఫైలు చూసే గుమాస్తా మర్యాదస్తుడే. జాబితా తీసి వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ పది తలుపులే ఉన్నాయమ్మా."

"పదకొండండీ. చివరిది మాది."

"దాని నంబరు?"

"వెయ్యలేదండీ."

"ఎవరు వెయ్యలేదు?"

"నేనే. నంబర్లు వేసింది నేనే."

"పదింటికి వేసి మీ ఇంటికి వేసుకోలేదా?"

"మా ఇంటికి దారి నాకు తెలుసు కదండీ."

గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. పక్కబల్లవాణ్ణి పిలిచి మళ్ళీ చెప్పించాడు. "దీపం కిందే చీకటంటే ఇదేనమ్మా!" అన్నాడు. ఆమె కూడా మర్యాదకు నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ జాబితాకు ఆధారమైన సర్వే ఎట్లా జరిగిందో నేను విచారించాను. సర్వేయరు ఒక మధ్యాహ్నం వాహనం దిగకుండా తలుపుల మీది అంకెలు చూసి రాసుకున్నాడు. అంకె లేని చివరి గదిని పదో నంబరువారి సామాన్ల గది అనుకున్నాడు. ఆ 'అనుకోవడం' కింద అతని సంతకం ఉంది. దాని నకలు నా దగ్గర ఉంది.

సవరించడానికి రెండే మార్గాలన్నాడు గుమాస్తా. సర్వే నాటికి ముందు తేదీతో ఆ ఇంటి నంబరుకు వచ్చిన ఉత్తరమైనా చూపాలి. లేదా వరుసలో మిగతా పది ఇళ్ళవారూ ప్రమాణపూర్వకంగా సంతకాలు చేయాలి. లేకపోతే కొత్త ఇల్లు రాదు, ఉన్న గదీ ఉండదు. బయటికి వచ్చాక ఆమె సైకిలు స్టాండు తీయకుండానే నిలబడిపోయింది.

"ఇరవై రెండేళ్ళుగా ఎంతమంది ఇళ్ళకి రుజువులు మోశానో బాబాయిగారూ. నా ఇంటికి ఒక్కటి మోసుకోలేదు."

"పది సంతకాలు ఉన్నాయిగా అమ్మా. అవి చాలు," అన్నాను. నిజంగానే అట్లా నమ్మాను.

పత్రం నేనే రాసి ఇచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని వరుసలోకి వెళ్ళింది. అప్పటికే అక్కడ ఒక మాట పాకిపోయింది. పదకొండో ఇల్లు ఉందని తేలితే సర్వే మళ్ళీ మొదలుపెట్టాలట, మళ్ళీ మొదలైతే పది ఇళ్ళ మంజూరూ ఆగిపోతుందట. ఎవరు పుట్టించారో తెలియదు. అబద్ధం కూడా కాదు, నేను నియమాలు తిరగేసి చూశాను. ఒకటో నంబరువారు తలుపు తీయలేదు. రెండోవారు మూడోవారు పెడితే పెడతామన్నారు. మూడోవారు రెండోవారి మాటే చెప్పారు.

నాలుగో నంబరు అత్తకు చదువు రాదు. దూరాన ఉన్న కూతురు రాసే ఉత్తరాలు పన్నెండేళ్ళుగా చదివిపెట్టిందీ, జవాబులు రాసిపెట్టిందీ పోస్టమ్మే. ఆ కూతురి కాపురంలోని కష్టసుఖాలు ఈ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియవు. అత్త వాకిట్లోనే కూలబడి ఏడ్చింది.

"నా చేత వేలిముద్ర వేయించుకోకే తల్లీ. మా ఆయన చంపేస్తాడు. ఈ వయసులో మళ్ళీ రేకుల కింద ఉండలేమే."

"నేనెక్కడ ఉండాలి అత్తా?"

"నువ్వు చదువుకున్నదానివి. నీకేదో ఒక దారి దొరుకుతుంది."

పోస్టమ్మ పత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ సంచిలోనే అత్తకు కూతురి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. దాన్ని తీసి, ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుని చదివి వినిపించి, లేచింది. ఈ సంగతి ఆమె చెప్పలేదు. తరువాత అత్తే నా దగ్గరికి వచ్చి తన తల తాను కొట్టుకుంటూ చెప్పింది.

ఇక మిగిలింది పాత ఉత్తరం. లేని ఉత్తరం ఎక్కడినుంచి వస్తుంది? ఆ దారి భర్త చూపించాడు.

"మీ ఆఫీసు తేదీ ముద్రలో చిన్న చక్రాలుంటాయన్నావుగా. ఏడాది చక్రం ఓ పదిహేను పళ్ళు వెనక్కి తిప్పితే ఎవరి సొమ్ము పోతుంది?"

"ఉద్యోగం పోతుంది."

"ఇల్లు పోయాక సంచి ఎక్కడ తగిలిస్తావు?"

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున పోస్టుమాస్టరు రాకముందే చక్రం తిప్పింది. పెట్టె అడుగున పడి ఉన్న పాత గోధుమరంగు కవరు మీద భర్త పేరు, పదకొండో నంబరు, రేకుల వరుస అని రాసి ముద్ర కొట్టింది. చక్రం మళ్ళీ యథాస్థానానికి తెచ్చింది. ఆ కవరును రోజంతా సంచిలో మోసి, చివరకు మా ఇంటికి తెచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఇది చూస్తే నిజమనిపిస్తుందా బాబాయిగారూ?"

నేను భూతద్దం తెచ్చుకుని చూశాను. నలభై ఏళ్ళ అలవాటు. చూసింది చూసినట్టు చెప్పాను.

"అమ్మా, ఈ ముద్రలో శాఖ పేరు కింద ఆరంకెల సంఖ్య ఉంది. మన పోస్టాఫీసు ముద్రలో ఆ సంఖ్య వేయడం మొదలై తొమ్మిదేళ్ళే. నీ కవరు మీద తేదీ పదిహేనేళ్ళ నాటిది."

ఆమె కవరు తీసుకుని చూసి నవ్వింది. ఆ నవ్వును నేను మరిచిపోలేను.

"రోజుకి మూడొందల సార్లు కొట్టే ముద్ర. నాకే గుర్తు రాలేదు చూడండి. దొంగతనానికైనా చదువుండాలి."

కవరు చింపి, ముక్కలు మా వాకిట్లో పడకుండా సంచిలోనే వేసుకుంది. నాకు తెలిసిన ఆ వివరం ఆ గుమాస్తాకు తెలిసి ఉండేది కాదు. తెలిసినా, భూతద్దం పెట్టేవాడు కాదు. ఈ ఆలోచన నాకు ఆ సాయంత్రం తట్టలేదు. తట్టిన నాటినుంచి నన్ను వదలడం లేదు.

దానికి పరిహారమన్నట్టు ఆమె భర్త పేరిట అర్జీ రాశాను. పదకొండు పేజీలు, పదిహేడు జతపరచిన కాగితాలు. క్వారీ హాజరు పుస్తకంలో ఆమె భర్త పేరున్న పుట, రేకుల వరుస పాత ఫోటో, సర్వే చేసిన తీరులోని నాలుగు లోపాలు. అర్జీదారు చిరునామా రాయవలసిన చోట 'ఇంటి నంబరు పదకొండు, రేకుల వరుస' అని రాశాను. ఇల్లు ఉంది, నంబరు ఉండవలసిందే. రాయడంలో దోషమేమీ లేదు.

ఇరవై ఆరు రోజుల తరువాత జవాబు వచ్చింది, రిజిస్టర్డ్‌గా. పోస్టాఫీసు బల్ల మీద మూట విప్పుతుంటే కనిపించిందట. పైన టైపు చేసిన అక్షరాల్లో ఆమె భర్త పేరు. కింద ఇంటి నంబరు పదకొండు, రేకుల వరుస. ఆ తలుపుకు లోకం నుంచి వచ్చిన మొట్టమొదటి ఉత్తరం. ఆమె దాన్ని బల్ల దగ్గర విప్పలేదు. మిగతా ఉత్తరాలన్నీ పంచి, చివరగా తన ఇంటి తలుపు తట్టింది.

"రిజిస్టర్డ్ ఉత్తరమండీ. సంతకం పెట్టాలి."

"ఎవరూ?" అన్నాడు మంచం మీదనుంచి.

"పోస్టు."

"మా ఇంటికా? ఇల్లు సరిగ్గా చూసుకున్నావా అమ్మాయ్?"

ఇద్దరూ నవ్వుకున్నారట. సంతకం పెట్టి విప్పారు. లోపల రెండు వాక్యాలు. పై చిరునామాలో ఎటువంటి నివాసమూ లేనందున అర్జీ తిరస్కరించడమైనది. గడువు తేదీలో మార్పు లేదు.

మరునాడు ఆ కవరు చేతబట్టుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలి కాగితం కన్నా పైనున్న కవరే ముఖ్యమని ఇద్దరికీ ఒకేసారి తోచింది. సర్కారే పదకొండో నంబరని రాసింది! రాసిన చోటికి చేరింది! ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ గంటసేపు మేమిద్దరం పసిపిల్లల్లా సంబరపడ్డాం. ఆటోలో దారిపొడుగునా ఆమె కవరును ఒళ్ళో పెట్టుకుని, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుంది.

గుమాస్తా కవరు అటూ ఇటూ తిప్పాడు.

"ఈ నంబరు మేం వెయ్యలేదండీ. అర్జీలో మీరు రాశారు, మేం చూసి రాశాం."

"కాని ఉత్తరం చేరింది కదా?" అన్నాను.

"చేరిందేమో. తేదీ చూడండి. సర్వే తరవాతది. ముందుది కావాలన్నానుగా."

"లేని ఇంటికి ఉత్తరం ఎట్లా చేరుతుందండీ?"

"అది పోస్టాఫీసువాళ్ళని అడగాలి పెద్దాయనా."

"నేనే పోస్టాఫీసండీ," అంది ఆమె. భుజాన సంచి ఉంది, ఒంటిమీద యూనిఫాం ఉంది. "నేనే ఇచ్చాను. తలుపు తట్టి ఇచ్చాను."

గుమాస్తా ఈసారి నవ్వలేదు. తలవంచుకుని కవరు మెల్లగా ఆమె వైపు జరిపాడు. "నా చేతుల్లో ఏమీ లేదమ్మా," అన్నాడు. అతని చేతుల్లో ఫైలు ఉంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, కోపం దిగక, నేను నగరంలోని పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి ఆమె భర్త పేరిట, పదకొండో నంబరు చిరునామాకు, ఒక రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. రెండో అర్జీకి ఇంకొక రసీదు జతపరచవచ్చునని నా ఉద్దేశం. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు.

గడువు ముగిసింది, సోమవారం బుల్డోజరు వచ్చింది. పది కుటుంబాలు అప్పటికే ఖాళీ చేసి వెళ్ళాయి. డ్రైవరు కాగితం తీసి చూసుకుంటూ, ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, చివరి ఉమ్మడి గోడ వదిలి, పదో నంబరు దాకా పడగొట్టి ఇంజను ఆపాడు. పోస్టమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"నా కాగితంలో పదే ఉన్నాయి తల్లీ. పదకొండోది ముట్టుకుంటే నా మెడకి చుట్టుకుంటుంది. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

లోపల్నుంచి భర్త దగ్గుతూనే పరాచికమాడాడు. "చూశావటే, లేకపోవడంలోనూ లాభముంది!"

ఆమె నా వైపు చూసింది. నేను అక్కడే ఉంటానన్నాను. ఆ రోజు ఉత్తరాలు చాలా ఉన్నాయి. అందులో పది కుటుంబాల కొత్త ఇళ్ళకు వచ్చినవీ ఉన్నాయి. సైకిలెక్కి ఉత్తరపు కొసకు వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకు ఇంజనీరు వచ్చాడు. నిలబడి ఉన్న ఒక్క గదినీ చూసి డ్రైవరు మీద అరిచాడు. నేను ఫైలు తెరిచి అడ్డు నిలిచాను. నోటీసు ఇవ్వకుండా ఏ నివాసాన్నీ కూల్చరాదన్న నిబంధన చదివి వినిపించాను. అతను కుర్రవాడు, నెమ్మదస్తుడు. పూర్తిగా విన్నాడు. ఆ తరువాత నా ఫైలులో పైనే ఉన్న తిరస్కరణ కాగితం నకలు మీద వేలు పెట్టాడు.

"నోటీసు ఇంటికిస్తారండీ. ఇక్కడ ఇల్లు లేదని మీ చేతిలో ఉన్న కాగితమే చెప్తోంది కదా. లేనిదానికి నోటీసేమిటి?"

ముప్పై ఏడు చట్టాలు తెలుసు నాకు. లేని ఇంటి గురించి వాటిలో ఒక్క మాటా లేదు. ఉండాలన్నప్పుడు లేని ఇల్లు, కూల్చాలన్నప్పుడు ఎదురుగా కనిపించింది.

ఇద్దరు కూలీలు మంచంతో సహా అతన్ని ఎత్తి రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టా నీడలో దించారు. అతను కేకలు వేయలేదు. తలుపు మాత్రం ఊడదీసి ఇమ్మన్నాడు. డ్రైవరే దిగి సీలలు తీసి ఇచ్చాడు. తరువాత పనంతా పావుగంట. లేచిన దుమ్ముకు అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని దగ్గుతుంటే నేను ఫైలుతో గాలి విసిరాను. ఆ ఫైలు వల్ల ఆనాడు జరిగిన మేలు అదొక్కటే.

రెండు గంటలకు ఆమె ఖాళీ సంచితో తిరిగి వచ్చింది. సైకిలు దిగింది. వరుస ఉండవలసిన చోటును ఈ చివరనుంచి ఆ చివరికి ఒకసారి చూసింది. తలుపును ఒళ్ళో ఆనించుకుని కూర్చున్న భర్త దగ్గరికి వచ్చింది. తలుపు మీద సుద్దముక్కతో, వంకరగా, పదకొండు అని ఉంది.

"నంబరు వేశాను," అన్నాడు. "నువ్వు అటు వెళ్ళగానే వేశాను. ఆలస్యమైందా?"

ఆమె సంచి విప్పి, అందులోని తువ్వాలుతో అతని ముఖం మీది దుమ్ము తుడిచింది.

ప్రస్తుతం వాళ్ళు కట్టుబడి సగంలో ఆగిన ఒక భవనంలో మెట్ల కింద ఉంటున్నారు. వాచ్‌మన్ దయ. పైనుంచి ఎవరైనా నడిస్తే సిమెంటు పొడి రాలుతుంది. రాతిపొడి నిండిన ఊపిరి దానికి ఎన్నాళ్ళు తట్టుకోగలదో డాక్టరు చెప్పాడు. ఆమె నాకు చెప్పింది. నేను ఇక్కడ రాయను. మా ఇంట్లో వెనక గది ఇస్తానన్నాను. మెట్లెక్కలేడు బాబాయిగారూ, అంది. మా ఇల్లు మేడ మీద ఉంది. ఆ మెట్లను అంతవరకు నేనెన్నడూ లెక్కపెట్టలేదు. ఇరవై మూడు.

ఇల్లు పోయిన మూడో రోజు, వేళకే, మా గేటు దగ్గర సైకిలు గంట మోగింది.

"రిజిస్టర్డ్ ఉత్తరం బాబాయిగారూ. మీరు పంపిందే, వెనక్కి వచ్చింది. సంతకం పెట్టాలి."

శుక్రవారం నాటి నా ఉత్తరం. చిరునామా మీద అడ్డంగా గీత, పక్కన ఎర్రసిరాతో ఆమె గుండ్రటి చేతిరాత: ఈ నంబరుతో ఇల్లు లేదు. కింద ఆమె సంతకం, తేదీ.

"ఇట్లా ఎందుకు రాశావమ్మా?" అన్నాను. "నీ దగ్గరే ఉంచుకోవలసింది. అతని చేతికే ఇచ్చేయవలసింది."

"పొద్దున సర్దుతుంటే ఇది వచ్చింది. ఎప్పట్లాగే ఆయన్ని అడిగాను, పదకొండు అని." ఆమె సంచి పట్టీ సరిచేసుకుంది. "నాలుగు వేల ఇళ్ళు చెప్తాడు బాబాయిగారూ. దీనికి ఏమీ చెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందుకని రాశాను."

నేను సంతకం పెట్టాను. ఆమె తేదీ సరిగ్గా వేశానో లేదో చూసుకుంది, చీటీ చింపుకుంది, సైకిలెక్కి టైలరు మేడ వైపు వెళ్ళింది.

ఆ కవరు నా దగ్గరే ఉంది. విప్పలేదు. లోపల ఉన్నది తెల్లకాగితం. పైన చిరునామా ఉంటే చాలునని, నేను అందులో ఒక్క మాటైనా రాయలేదు.